హారన్ తర్వాత పట్టిన అల

మార్చి 3

అత్తా,

నిన్ను జీవితాంతం పోటీల నుంచి వెలివేసినవాడు సర్ఫింగ్ సంఘం అధ్యక్షుడు. అతనికి చేతికర్రలా పనికొచ్చినవాడు పోటీల్లో హారన్ ఊదే ముసలాడు, మన హారన్ తాత. ఈ రెండు మాటలూ గోడల మీదికి ఎక్కించబోతున్నాను. ముందు నీకు రాస్తున్నాను.

సంఘం నోటీసు తెచ్చి మన వర్క్‌షాపు తలుపుకు అంటించి పోయారు. "సమయం ముగిసినట్టు హారన్ మోగిన తర్వాత కూడా ఉద్దేశపూర్వకంగా అల పట్టి, ఒడ్డుకు తిరిగివస్తున్న తోటి క్రీడాకారిణిని ఢీకొట్టినందుకు" అని మొదలైంది. నాన్న బోర్డులకు పూసే రెజిన్ అంటిన చేతులతోనే నిలబడి చదివాడు. చదివి, మళ్ళీ లోపలికి పోయి ఉప్పుకాగితం పట్టుకుని బోర్డు రుద్దడం మొదలెట్టాడు. నేనే చింపి పొయ్యిలో పెట్టాను.

ఉద్దేశపూర్వకమట! ఆడవాళ్ళకు పోటీయే లేని రోజుల్లో నాన్న పేరు మీద నీళ్ళలోకి దిగి, అందరినీ ఓడించి, ఒడ్డుకొచ్చాక టోపీ తీసి జడ విప్పినదానివి. ఆడవాళ్ళ పోటీ పెట్టించిందే నువ్వు. మగ విజేతకు వెండి కప్పు, నీకు ఇస్త్రీ పెట్టె ఇస్తే, "వాడి చొక్కాలు కూడా నేనే ఇస్త్రీ చెయ్యాలా?" అని మైకులో అడిగినదానివి. ఆ రోజు నుంచీ కాచుకుని కూర్చున్నారు అత్తా వీళ్ళు.

ఆ సాయంత్రం నేను ఒడ్డునే ఉన్నాను. మగవాళ్ళకు పొద్దున్నే అద్దంలాంటి నీళ్ళు. మీ ఫైనల్ పొద్దు వాలేవేళకు. గాలి ఈడ్చి కొడుతోంది, అలలు లేచినచోటే చితికిపోతున్నాయి. సరే, అది ఎప్పుడూ ఉన్న భాగోతమే. అసలు సంగతి హారన్. ఆ గాలిలో అది నాకు వినబడనే లేదు. పక్కవాళ్ళను అడిగితే కొందరు విన్నామన్నారు, కొందరు లేదన్నారు.

హారన్ తాతకు నువ్వంటే మొదటినుంచీ కడుపుమంట. రెండేళ్ళుగా చూస్తున్నానుగా, నువ్వు నీళ్ళలో ఉన్నప్పుడు హారన్ ఊదగానే జడ్జీల మంచె దిగి, ఇసకలో అటూ ఇటూ పరుగెత్తి, ఎర్రచొక్కా విప్పి కోతిలా ఊపుతాడు. మగవాళ్ళ రౌండులో ఎప్పుడైనా ఊపాడా? ఆడది అల మీద నిలబడితే అతనికి సర్కస్. అందుకే శీతాకాలంలో నేను సంఘానికి అర్జీ పెట్టాను. నీకు చెప్పలేదు, చెబితే వద్దంటావని. అధ్యక్షుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మాట విన్నాడు. పోటీ జరుగుతున్నంతసేపూ మంచె దిగకూడదని తాతను కట్టడి చేశారు. ఆ కసి ఇలా హారన్ ఊదకుండా తీర్చుకున్నాడు.

నాకు ఒక్కటే చెప్పు. హారన్ మోగిందా?

పిడికిలి బిగించి,
నీ మేనకోడలు మిరపకాయ


మార్చి 9

ఒసేయ్ మిరపకాయా,

నీ ఉత్తరం విప్పుతుంటే కవరు అంచులు కాలి ఉంటాయేమోనని చూశాను. నీ కరపత్రాల భాష నాకు రాదు, నేను మామూలుగా రాస్తాను.

ఆస్పత్రికి ఎదురు వీధిలో గది తీసుకున్నాను. కింద లాండ్రీ, ఆస్పత్రి దుప్పట్లన్నీ ఇక్కడే ఉతుకుతారు. నేల చెక్కల సందుల్లోంచి ఆవిరి పైకొస్తుంది. నా బట్టలు ఎప్పుడూ సగం తడి. సముద్రం లేకపోయినా తడి తప్పలేదన్నమాట.

రోజూ వెళ్ళి పిచ్చుక గది బయట వరండాలో కూర్చుంటాను. వాళ్ళమ్మ నన్ను బెంచీని చూసినట్టు చూసి దాటిపోతుంది. తిట్టినా బాగుండు. నా బోర్డు తగిలి పిచ్చుక తుంటి విరిగింది, వెన్ను కింద పూసలు నలిగాయి. నిలబడుతుందన్నారు. నిలబడటం వరకే మాట ఇవ్వగలమన్నారు. దానికి బోర్డు మీద మోకాళ్ళు వంచడం నేర్పింది నేను. ఊళ్ళో అందరూ "నీ తర్వాత అదే" అంటే ఎంత పొంగిపోయేదాన్నో నీకు తెలుసు.

హారన్ నాకు వినబడలేదు. అది నిజం. అంతకుమించి అడక్కు. తాత జోలికి మాత్రం పోకు, ఆయన మంచివాడు. ఆ అర్జీ సంగతి కూడా ఇక ఎక్కడా ఎత్తకు, జరిగిందేదో జరిగింది.

ఫోన్ చెయ్యకు. ఇంటావిడ దాన్ని లాండ్రీ యంత్రాల పక్కన పెట్టుకుంది. ఉత్తరం రాయి, నీ చేతిరాత కోడి గెలికినట్టున్నా చదువుకుంటాను. అన్నయ్య దగ్గు ఎలా ఉంది? బోర్డు రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమను. నా మాటగా చెప్పు, నీ మాట వింటే కట్టుకోడు.

అత్త


మార్చి 15

అత్తా,

వినబడలేదన్నావు. నాకది చాలు.

వద్దన్న మాటా చదివాను. కొట్టినవాడి చెయ్యి నొప్పెట్టిందేమో అని కనుక్కునే రకం నువ్వు. నేను కాదు. కరపత్రం అచ్చయింది, పేరు "మోగని హారన్". ప్రెస్సాయన చదివి, "అమ్మాయ్, ప్రతి పేరాలో ద్రోహి అని ఉంది, కొన్ని తగ్గిస్తే కాగితం కలిసొస్తుంది" అన్నాడు. ఒక్కటీ తగ్గించలేదు. ఎర్రచొక్కా వెక్కిరింతలు, నా అర్జీ, అతని కసి, అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. రేవులో, బస్సుల అడ్డాలో, స్కూలు గేట్ల దగ్గర పంచాను. ఒక కండక్టరమ్మ నన్ను టిక్కెట్టు లేకుండా ఎక్కించుకుని బస్సంతా నాచేతే చదివించింది.

ఇక ఫలితం విను. హారన్ తాతను ఉద్యోగం నుంచి ఊడబెరికారు! అధ్యక్షుడు తన కాళ్ళతో తాను మన వర్క్‌షాపుకు వచ్చాడు. నేను కుర్చీ వెయ్యలేదు. రెజిన్ వాసనకు ముక్కు మూసుకుని, "హారన్ మోగలేదని మీ అత్తగారు రాసి సంతకం పెడితే నిషేధం ఎత్తేస్తాం. తప్పు ముసలాడిదని తేలిపోతుంది. అందరికీ మంచిది" అన్నాడు.

నాన్న అప్పుడు తలెత్తాడు. "ముసలాయన ఏమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదండీ."

"చూశావా నాన్నా, నోరు లేవట్లేదు" అన్నాను నేను.

కాగితం ఇందులోనే పెట్టాను. సంతకం పెట్టి వెంటనే పంపు. వచ్చే నెల పోటీకి నువ్వు దిగాలి. నాన్న నీకోసం కొత్త బోర్డు మొదలెట్టాడు, ముక్కు కాస్త సన్నంగా, నీకు నచ్చినట్టు.

ఒక్కటి మాత్రం మింగుడుపడట్లేదు. వద్దన్నా ఫోన్ చేశాను. ఇంటావిడ నిన్ను పిలుచుకొచ్చింది. "ఎవరూ?" అన్నావు. "నేనత్తా!" అని అరిచాను. మళ్ళీ "ఎవరూ?" అన్నావు. నేను మాట్లాడుతుండగానే పెట్టేశావు. యంత్రాల మోత అంటావేమో, నాకు ఇక్కడికి ఏ మోతా వినబడలేదు. నామీద కోపముంటే కోపమని రాయి, ఎవరోలా మాట్లాడకు.

గెలుపు దగ్గర్లో ఉన్న
మిరపకాయ


మార్చి 20

కోడలు పిల్లా,

నీకు చదువు చెప్పినవాళ్ళు అన్నీ నేర్పారు గాని వద్దన్న మాటకు అర్థం నేర్పలేదు. నీ యుద్ధంలో నన్ను జెండా కర్ర చేసుకోమని నేను అడిగానా? తాతకు ఆ ఉద్యోగం తప్ప ఏముంది? పెళ్ళాం పోయింది, కూతురు దూరాన ఉంది, ఉన్నదల్లా ఆ పడవల షెడ్డు, ఆ మంచె.

వెళ్ళి ఆయన్ను క్షమాపణ అడుగు. ఎందుకని నన్నడక్కు.

కాగితం నా దగ్గరే ఉంది. సంతకం పెట్టలేదు. చింపనూ లేదు.

బోర్డు ఆపమను అన్నయ్యను.

అత్త


మార్చి 25

అత్తా,

"మీ అత్తను సంఘం లోపాయికారీగా కలిపేసుకుంది, రేపో మాపో కమిటీలో కుర్చీ వేస్తారు" అని రేవులో అంటున్నారు. మొన్నటిదాకా అన్నవాడి మీదికల్లా కొట్లాటకు పోయాను. నీ ఉత్తరం వచ్చాక నోరు పెగలట్లేదు. ఊరంతా నీకోసం గొంతు చించుకుంటుంటే నువ్వు కాగితాన్ని పరుపు కింద దాచుకుని కూర్చున్నావు. ఆడవాళ్ళను నీళ్ళలోకి దింపింది నువ్వేనా అని అనుమానమొస్తోంది.

తాత దగ్గరికి వెళ్ళాను. క్షమాపణకు వెళ్ళానని మురిసిపోకు, నిజం కక్కించడానికి వెళ్ళాను. షెడ్డు కిటికీలు ఎవరో పగలగొట్టారు. అట్టముక్కలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ప్రజాగ్రహం అంటే అదే మరి, ఎవరి అనుమతీ అడగదు.

"రా తల్లీ, ద్రోహి ఇంటికి దారి తెలిసిందే" అన్నాడు. "నీ కాగితం చదివాను. బాగుంది. అచ్చుతప్పులు లేవు."

"ఎగతాళి తర్వాత. హారన్ ఊదావా, లేదా?"

"మీ అత్తేమంది?"

"వినబడలేదంది."

"అయితే ఊదలేదేమోలే."

"ఏమోలే ఏంటి? ఊదాల్సింది నువ్వా, నేనా?"

"ముసలాణ్ణి, ఏం గుర్తుంటుంది. ఆమె ఎలా చెబితే అలాగే రాసుకోండి. నేను కాదనను."

నేను ఇంకా తిడుతూనే ఉన్నాను. అతను మధ్యలో ఆపి, "మీ అత్త ఊలు టోపీ పెట్టుకుంటోందా? చెవులకు చలిగాలి తగలనివ్వద్దని రాయి" అన్నాడు. నేను న్యాయం అడుగుతుంటే అతను టోపీ గురించి మాట్లాడాడు! అంత నిర్లక్ష్యం. నేరం ఒప్పుకున్నట్టేనని ఊరంతా చెప్పాను.

సంతకం పెడతావో, పెట్టనని బయటికొచ్చి చెబుతావో తేల్చుకో. రెండూ చెయ్యకపోతే నాకు అత్త లేదనుకుంటాను.

(సంతకం లేదు, నీ దగ్గర నేర్చుకున్నాను.)


మార్చి 31

నా తల్లీ,

ఇది కూర్చుని చదువు.

హారన్ మోగింది. తాత ఎప్పటిలాగే ఊదే ఉంటాడు. నాకు చెవులు లేవు.

చన్నీళ్ళలో ఏళ్ళ తరబడి పడి ఉన్నవాళ్ళకు చెవిదారిలో ఎముక పెరుగుతుంది. నాకు ముందు ఎడమవైపు మూసుకుంది. కోయించుకుంటే నెలల తరబడి నీళ్ళకు దూరంగా ఉండాలన్నారు. ఈ పోటీ అయ్యాక, వచ్చే పోటీ అయ్యాక అని వాయిదా వేశాను. లోపల చీము పట్టి రెండోదీ పోయింది. ఇప్పుడిక కోసినా లాభం లేదట. ఎదుటి మనిషి మొహం కనబడితే పెదాలు చూసి మాట పట్టుకుంటాను. ఇంట్లో నువ్వు గమనించలేదంటే నీ తప్పు లేదు, నువ్వు ఎప్పుడూ అరిచే మాట్లాడతావు. ఫోన్‌కు పెదాలుండవు. ఆ రోజు ఏ మోతా లేదు. ఉన్నా నాకు తెలిసేది కాదు. రిసీవర్ చెవికి ఆనించుకుని, ఎవరో పిలుస్తున్నారన్న సంగతి తప్ప ఏమీ తెలియక పెట్టేశాను.

వినికిడి లేనివాళ్ళను పోటీకి దించకూడదని సంఘం నియమం. ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. అప్పట్లో నాకు పాము చెవులు. చెయ్యెత్తి ఒప్పుకున్నాను.

తాతకు ఎలా తెలిసిందంటే, ఒకరోజు ఒడ్డున వెనకనుంచి పిలిచినట్టున్నాడు. నేను తిరగలేదు. మళ్ళీ పిలిచి ఉంటాడు. తర్వాత ఎదురుగా వచ్చి నా మొహం చూసి పోయాడు. మర్నాటి రౌండులో హారన్ ఊది, మంచె దిగి, ఎర్రచొక్కా ఊపాడు. మొదటిసారి ఆయనకు పిచ్చెక్కిందేమో అని నాకూ అనిపించింది. రెండోసారికి అర్థమైంది. మేమిద్దరం దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. నువ్వు వెక్కిరింత అనుకున్నది నన్ను ఒడ్డుకు చేర్చే చొక్కా.

ఆ సాయంత్రం చొక్కా కోసం వెతికాను. సమయం అయిపోతే మంచె మీద మార్చే జెండా రంగు చూద్దామంటే పొద్దు సరిగ్గా దాని వెనకే ఉంది, కళ్ళు చెదిరిపోయాయి. పోటీ మొదలైందని చెప్పే హారనూ వినలేదు కాబట్టి చేతి గడియారం ఉండీ లేనట్టే. చొక్కా కనబడలేదు కదా, ఇంకా సమయం ఉందనుకున్నాను. వెనకనుంచి అల లేచింది. పట్టాను.

నిన్న పిచ్చుక వాళ్ళమ్మ టీకి వెళ్ళినప్పుడు, అది పడుకున్నచోటు నుంచే చెయ్యి ఊపి నన్ను లోపలికి రమ్మంది. నేను మంచం పక్కన నిలబడ్డాను. "ఎందుకాగలేదక్కా? నేను అరిచాను కదా. అక్కా అక్కా అని అరిచాను" అంది. ఆ మాట దాని పెదాల మీదే చదివాను. ఒక్క హారనే అనుకుంటూ వచ్చానింతకాలం. దాని అరుపు కూడా నేను వినలేదు.

"నాకు చెవులు వినబడవే" అన్నాను.

"మరి ఎందుకు దిగావక్కా?" అంది.

మొహం తిప్పుకోబోయింది. గోడవైపు తిరగడానికి కూడా దానికి నర్సు రావాలి. నర్సును నేనే పిలుచుకొచ్చాను.

నువ్వు పంపిన కాగితం గురించి నిజం చెప్పాలి. పెన్ను తీసి రెండుసార్లు దాని ముందు కూర్చున్నాను. సంతకం పెడితే మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళొచ్చు. తాత కాదనడని నాకు తెలుసు, అందుకే మరీ ఆశ పుట్టింది. రాత్రి చించేశాను. జరిగినదంతా రాసి సంఘానికి పంపాను. ఇక పోటీలు నాకు లేవు.

నీ అర్జీ సంగతి నీ మొదటి ఉత్తరంలోనే చదివాను. ఆ సాయంత్రం చొక్కా ఎందుకు కనబడలేదో అప్పుడే తెలిసింది. చెబితే నువ్వు తట్టుకోలేవని దాచాను. దాచబట్టే నువ్వు తాత మీద పడ్డావు. నీ వాటా ఎంతో తూచడం నాకు రాదు. నాది మాత్రం అందరికంటే పెద్దది.

తాతకు చెప్పు, టోపీ పెట్టుకుంటున్నానని.

అత్త


ఏప్రిల్ 8

అత్తా,

ఉత్తరం వర్క్‌షాపులో నాన్నకు చదివి వినిపించాను. సగంలో నేను ఆగిపోతే తనే తీసుకుని చదువుకున్నాడు. తర్వాత నీ బోర్డును తిప్పి గోడకు ఆనించాడు. "అర్జీ నువ్వు రాశావా?" అన్నాడు. అవునన్నాను. "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదే, ఆయన మంచివాడని" అన్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాడు.

నేను తాత షెడ్డుకు పరుగెత్తాను. అక్కడ షెడ్డు లేదు. అంతకు రెండు రోజుల ముందే ఎవరో నిప్పు పెట్టారట. పడవలు, మునిగేవాళ్ళను కాపాడే కాపలావాళ్ళ బోర్డులు, ఆయన మంచం, అన్నీ బొగ్గు. ఆయన బయట ఉండబట్టి బతికాడు. నేను ప్రజాగ్రహం అని నీకు గొప్పగా రాశాను చూడు, దాని వాసన అలా ఉంటుంది. నీకు రాసిన ఆ మాట వెనక్కి తీసుకోవడానికి కుదరదు కదా.

బస్సెక్కి ఆయన కూతురి ఇంటికి వెళ్ళాను. కూతురు తలుపు సగమే తీసి, "నువ్వేనా రాసింది?" అంది. నేను తల ఊపాను. వంటింట్లో ఆయన బంగాళాదుంపల పొట్టు తీస్తున్నాడు.

"కూర్చోమని అననులే" అన్నాడు.

నిలబడే చెప్పాను. అర్జీ, కరపత్రం, కిటికీలు, నిప్పు, అన్నీ. నీ ఉత్తరం సంగతి కూడా. ఆయన కత్తి ఆపలేదు.

"క్షమించానంటే నువ్వు హాయిగా బస్సెక్కి పోతావు. అందుకే అనను" అన్నాడు.

"అనొద్దు తాతా. నిజం ఎందుకు చెప్పలేదు?"

"ఎవరి నిజం? అది నాదైతే చెప్పేవాణ్ణి."

టోపీ మాట చెప్పాను. అప్పుడొక్కసారి కత్తి ఆపాడు. మళ్ళీ పొట్టు తియ్యసాగాడు.

తిరిగొచ్చాక సంఘం జవాబు తెలిసింది. నీ నిషేధం "వైద్య కారణాల"కు మార్చారు. తాత "తనంతట తానే తప్పుకున్నాడ"ట, ఈసారి కరెంటు హారన్ పెడతారట. పిచ్చుక ప్రమాదానికి సంఘానికి ఏ సంబంధమూ లేదట. ఆ కాగితం పక్కనే వచ్చే పోటీ పట్టిక అంటించి ఉంది. ఆడవాళ్ళ ఫైనల్ మళ్ళీ పొద్దు వాలేవేళకే. ఈసారి ఎండ ఎవరి కళ్ళలో కొడుతుందో, అరుపు ఎవరికి అందదో వాళ్ళకు అనవసరం.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఈసారి ముందు మనుషుల దగ్గరికి వెళ్ళాను. పోటీకి దిగే ఆడపిల్లలందరి ఇళ్ళకూ తిరిగాను. ముందు నా తప్పు చెప్పి, తర్వాత నోరు మూసుకుని వాళ్ళు చెప్పింది విన్నాను. ఇద్దరు నా మొహం మీదే తలుపు వేశారు. ఒకమ్మాయి జెండా కనబడక పోయినేడు రాళ్ళ మీదికి కొట్టుకుపోయిందట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదట. ఇలాంటివి ఇంకా ఉన్నాయి అత్తా. అందరూ తమ తప్పే అనుకుంటూ ఊరుకున్నారు.

ఈ ఆదివారం మేమంతా ఒడ్డున కలుస్తున్నాం, తాతనూ రమ్మని కబురు పంపాను. "వస్తానో రానో నాకే తెలీదు. వస్తే నీకోసం మాత్రం రాను" అని జవాబొచ్చింది.

నువ్వు రావాలి. నిన్ను జెండా కర్ర చెయ్యను. పక్కన నిలబడితే చాలు, ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడటం నేర్చుకుంటున్నాను. పిచ్చుక సంగతి కొత్త కరపత్రంలో వెయ్యొచ్చో లేదో దాన్నే అడుగు. వద్దంటే తీసేస్తాను. అచ్చుకు వెళ్ళేముందు నువ్వూ చదువు, కొట్టెయ్యాల్సింది కొట్టెయ్యి:

"మోగని హారన్ అని నేను రాసింది అబద్ధం. హారన్ మోగింది. ఆ అబద్ధానికి ఒక ముసలాయన ఇల్లు కాలిపోయింది. రాసింది నేను, బోర్డులు చేసే ఆయన కూతుర్ని. నన్ను ఏమనాలనుకున్నా ఎదురుగా వచ్చి అనండి, అక్కడే ఉంటాను. ఆడవాళ్ళను చెడ్డ నీళ్ళలోకి, ఎదురెండలోకి తోసింది సంఘం. ఒక పిల్ల మంచం మీద ఉంది. ఈ ఆదివారం మగవాళ్ళ మొదటి రౌండు ఏడున్నరకు. దానికంటే ముందు మనం నీళ్ళలో ఉండాలి. పట్టికలో పొద్దుటి పూట మనకూ రాసేదాకా నీళ్ళలోంచి బయటికి రాకూడదు. బోర్డు ఉన్నవాళ్ళు బోర్డుతో, లేనివాళ్ళు ఉత్తచేతులతో, ఆదివారం ఉదయం సరిగ్గా ఏడు గంటలకు జడ్జీల మంచె కింద కలవండి."